క్యారమ్ బోర్డు పౌడరు గురించి నాలుగు మాటలు

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



వేసవి సెలవులు రాగానే మన ఇళ్ళల్లో అటక మీంచి ముందు దిగేది ఆవకాయ జాడీ. ఆ తర్వాత దిగేది క్యారమ్ బోర్డు. జాడీని ఎలా కడగాలో, ఎన్నాళ్ళు ఎండలో పెట్టాలో మన అమ్మలు, అత్తగార్లు చెప్పారు గనక మనకు తెలుసు. బోర్డు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లలే దింపుతారు, పిల్లలే దులుపుతారు. "అమ్మా, పౌడరు అయిపోయింది" అని కేక వేస్తారు. పొయ్యి మీద కూర మాడిపోతూ ఉంటుంది, పోపుల డబ్బాలో ఉన్న చిల్లర తీసి ఇచ్చేస్తాం. ఏ పౌడరు తెచ్చారు, ఎంత చల్లారు, మిగిలింది ఎక్కడ పెట్టారు అని చూసేవాళ్ళం మనలో ఎంతమందిమి ఉన్నాం చెప్పండి? నేనైతే చూడలేదు. చూడకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో కాసేపాగి చెబుతాను. అది చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

మాది దెందులూరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏలూరులో కాపురం. చదువు పదో తరగతితో సరి. కాబట్టి ఇందులో సైన్సు మాటలు ఏవైనా దొర్లితే అవి నేను అడిగి తెలుసుకున్నవే గాని కాలేజీలో చదువుకున్నవి కావు.

నా చిన్నతనంలో మా మేనమామ ఒకాయన నన్ను, మా అన్నయ్యను సైకిలు మీద ఎక్కించుకుని ఒక క్లబ్బుకి తీసుకెళ్ళాడు. ఆడపిల్లలు లోపలికి వెళ్ళకూడదన్నారు గాని, కిటికీలోంచి చూడనిచ్చారు. పెద్ద బల్ల, దాని మీద పచ్చ గుడ్డ, పైన వేలాడే దీపాలు. మావయ్య కర్ర తీసుకుని, దాని కొసకు ఏదో నీలం రంగు బిళ్ళ రుద్దాడు. "అదేంటి మావయ్యా?" అని అడిగితే "సుద్దముక్కే, కర్ర జారకుండా" అన్నాడు. నాకు వింతగా తోచింది. ఎందుకంటే అంతకు ముందురోజే ఇంట్లో క్యారమ్స్ ఆడుతూ "కాయిన్లు జారడం లేదు, ఇంకాస్త పౌడరు వెయ్యి" అని అన్నయ్యతో పోట్లాడాను. ఒక ఆటలో జారకుండా ఉండడానికి పొడి, ఇంకో ఆటలో జారడానికి పొడి! రెండూ సుద్దలాగే ఉంటాయి, రెండూ బల్ల మీద ఆటలే. ఇదేం విడ్డూరం అనుకున్నాను.

ఆ బిలియర్డ్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే మన పౌడరు సంగతి అర్థం కావడానికి అది పనికొస్తుంది. ఆ కర్ర కొసకు తోలు బిళ్ళ ఉంటుంది. 1807 ప్రాంతంలో మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి అది కనిపెట్టాడంటారు. తోలు ఎంత మెత్తనిదైనా, నున్నటి బంతిని పక్కగా కొడితే జారిపోతుంది. జారకుండా దానికి గరుకు కావాలి. మొదట్లో మామూలు సుద్దే రుద్దేవారు. 1897లో అమెరికాలో స్పింక్స్ అనే ఆటగాడు, హాస్కిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి కొత్త రకం తయారుచేసి పేటెంటు తీసుకున్నారు. అందులో ఉన్నది ఇసుకరాయి జాతి పొడి, కురువిందం లాంటి గట్టి రాతిపొడి. కత్తులు సానపట్టే రాయికి వాడే సరుకన్నమాట. పేరుకే సుద్ద. ఆ గరుకు రేణువులు తోలులో దిగి, బంతిని క్షణంపాటు పట్టుకుంటాయి. అందుకే దెబ్బ దెబ్బకీ పలచగా పూసుకుంటారు. కొసను సుద్దలో గుచ్చి గిర్రుమని తిప్పకూడదట, చీరకు గంజి పెట్టినట్టు అంచులన్నీ తడిసేలా ఒక పూత పూస్తే చాలునట. మందంగా పట్టిస్తే బల్ల గుడ్డంతా నీలం మరకలు, బంతికీ మరకలు.

ఆ ఆటకు సంబంధించిన స్నూకరు పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్పూరులో, ఆంగ్లేయ సైనికాధికారుల మధ్య. హైదరాబాదు ఫలక్‌నుమా పాలెస్‌లో లండను కంపెనీ చేసిన పెద్ద బిలియర్డ్స్ బల్ల ఇప్పటికీ చూడవచ్చు. నవాబులకు, దొరలకు ఆ బల్ల. మన మధ్యతరగతి వాళ్ళకు ఈ చెక్క. పైగా ఈ చెక్క మీద మనవాళ్ళు తీసిపోలేదు. మన హైదరాబాదు అమ్మాయి ఎస్. అపూర్వ 2016లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ చాంపియన్ అయ్యింది. 2024లో చెన్నైలో ఆటో నడిపే ఒకాయన కూతురు ఖాజిమా అమెరికా వెళ్ళి ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు తెచ్చింది. కాబట్టి "ఎప్పుడూ ఆ బోర్డేనా" అని పిల్లల్ని కసిరేముందు కాస్త ఆలోచించండి. నేనూ కసిరినదాన్నే అనుకోండి.

ఇక మన పౌడరు. అంగట్లో 'క్యారమ్ పౌడరు' అని అమ్మేది చాలావరకు బోరిక్ యాసిడ్ పొడి. బోరిక్ పౌడరు అంటే మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. మా నాయనమ్మ కళ్ళు మండితే గోరువెచ్చని నీళ్ళలో కలిపి కడుక్కునేది. బొద్దింకలకు పెట్టే మందూ అదే. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు అది ఎందుకు జారుతుందో చెబుతాను.

అప్పడాల దొంతర చూశారుగా. దొంతరగా ఉన్న ఎండు అప్పడాలను పక్కకు తోస్తే ఒకదాని మీంచి ఒకటి సులువుగా జరుగుతాయి. కాని ఒక్కో అప్పడం దానికదే గట్టిగా ఉంటుంది. బోరిక్ యాసిడ్ రేణువు లోపల కట్టుబడి కూడా ఇలాంటిదే. పొరలు పొరలుగా ఉంటుంది. పొరలో ఉన్న అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం చాలా తక్కువ. స్ట్రైకరు దాని మీద పడగానే పొరలు జరుగుతాయి, స్ట్రైకరు సాగిపోతుంది. పెన్సిలు ములికి కాగితం మీద జారడంలో ఉన్న రహస్యం కూడా ఇదేనట. అంటే బిలియర్డ్స్ సుద్దలో ఉన్నది కరిచి పట్టుకునే గట్టి రేణువు, మన పౌడరులో ఉన్నది జరిగిపోయే పొర. చూపులకు రెండూ పొడులే, చేసే పనులు మాత్రం తూర్పు పడమర.

ఈ తేడా తెలిస్తే ఏ పొడి పనికొస్తుందో, ఏది పనికిరాదో మనకే తోస్తుంది. పౌడరు అయిపోయినప్పుడు పిల్లలు చేసే పని ఏమిటి? వీధి గుమ్మంలో ఉన్న ముగ్గుపిండి తెచ్చి చల్లుతారు. అది రాతిపిండి. గరుకు. బోర్డు మీద సన్న గీతలు పడి పాలిష్ పోతుంది, పోయిన పాలిష్ మళ్ళీ రాదు. బియ్యప్పిండి వేస్తారు. అది మన చేతికి మెత్తగా తగిలినా స్ట్రైకరుకు ఇసుకలాంటిదే. పైగా ఆ రాత్రికి చీమలు. ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు వేస్తారు. అదీ జారే రాయి పొడే గాని, అందులో కలిపే వాసన నూనె వల్లా, మరీ సన్నగా ఉండడం వల్లా నాలుగు ఆటలయ్యేసరికి చేతి చెమటతో కలిసి కాయిన్ల అడుగున జిడ్డుగా పేరుకుంటుంది. బోర్డు మీద ఆ నల్లటి చారలు చూసే ఉంటారు.

విదేశాల్లో చాలామంది బంగాళాదుంప గంజిపొడి వాడతారు. ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి నా ఓటు దీనికే. నోట్లో పడినా అది తిండి వస్తువే గనక భయం లేదు. జారడంలో బోరిక్ పౌడరుకు ఒక మెట్టు కిందే అంటాడు మా అబ్బాయి, ఆ మెట్టు వాడి లెక్కలో. నాకు తేడా తెలియలేదు. దాంతో వచ్చే చిక్కల్లా చెమ్మ. తేమ తగిలితే ఉండకడుతుంది, పురుగు పడుతుంది. ఎప్పటికప్పుడు కొద్దిగా కొనుక్కుని, గట్టి మూత డబ్బాలో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు పొట్లం వేళ్ళతో నొక్కి చూడండి. లోపల ఉండలు తగలకూడదు. వాసన ఉండకూడదు. తెల్లగా, పొడిపొడిగా, వేళ్ళ మధ్య రుద్దితే పట్టులా జారిపోవాలి. ఇసుక తగిలినట్టు ఉంటే వద్దు. పొట్లం మీద లోపల ఏముందో రాసి ఉండాలి. 'క్యారమ్ పౌడరు' అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ రాయని పొట్లాన్ని నేను తిరిగి ఇచ్చేస్తాను. షాపువాడు "ఏముందమ్మా, పౌడరే కదా" అంటాడు. పౌడరేనండీ, ఏ పౌడరు అన్నదే ప్రశ్న.

ఇంటికి తెచ్చాక కూడా అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. వంటకు వాడని పాత గాజుగ్లాసు ఒకటి తీసుకుని సగం దాకా బాగా కాగిన నీళ్ళు పోసి, పావు చెంచా పొడి వేసి పుల్లతో కలపండి. బోరిక్ యాసిడ్ అయితే కరిగిపోయి నీళ్ళు తేటగా అవుతాయి. గంజిపొడి అయితే కరగదు, గంజిలా చిక్కబడుతుంది. టాల్కం అయితే ఎంత కలిపినా కరగక, కాసేపు పైన తేలి, కాసేపు అడుగుకు దిగి నీళ్ళు మురికిగానే ఉంటాయి. సున్నపురాయి పిండి కలిపారనిపిస్తే పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు మళ్ళీ వంటింట్లోకి తేకండి. పుల్ల కూడా.

చల్లడం దగ్గర అందరం చేసే తప్పు ఒకటే, ఎక్కువ వెయ్యడం. పౌడరు ఎంత ఎక్కువైతే అంత జారుతుందని పిల్లల నమ్మకం. బోర్డు మంచుపడినట్టు తెల్లగా అయితే తప్ప వాళ్ళకు తృప్తి ఉండదు. నిజానికి గుట్టగా ఉన్న పౌడరు స్ట్రైకరుకు అడ్డం. కాయిన్లు ముందున్న పౌడరును తోసుకుంటూ వెళ్ళి, మధ్యలో ఆగిపోతాయి. మిగిలింది గాల్లోకి లేచి ముక్కుల్లోకి వెళుతుంది. బోర్డు రంగు కనిపించేటంత పలచగా ఉండాలి.

ఎలాగంటే, పలచటి పాత పంచె గుడ్డ లోనో మల్లు గుడ్డలోనో రెండు చెంచాల పొడి వేసి, మూటకట్టండి. ముందు పొడిగుడ్డతో బోర్డు తుడవాలి. తడిగుడ్డ కాదు సుమా. తర్వాత ఆ మూటను నాలుగుచోట్ల మెల్లగా తట్టాలి. ఊపి కొట్టకూడదు. ఇంకో పొడిగుడ్డతో గుండ్రంగా తిప్పుతూ బోర్డంతా సమంగా పరవాలి. కాయిన్లను, స్ట్రైకరును కూడా ఆటకు ముందు ఒకసారి పొడిగుడ్డతో తుడిస్తే, పౌడరు సగం ఆదా అవుతుంది. ఆట మధ్యలో జారడం తగ్గిందంటే మళ్ళీ చల్లడం కాదు మొదటి పని, తుడవడం.

సరిపడా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆట నిబంధనల్లోనే ఒక కొలత ఉంది. 15 గ్రాముల స్ట్రైకరును బలంకొద్దీ కొడితే, అది బోర్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు కనీసం మూడున్నర సార్లు పోయిరావాలి. 15 గ్రాములంటే స్ట్రైకరు ఉండదగ్గ గరిష్ఠ బరువు. మా ఇంట్లో మొదట కొట్టి చూస్తే రెండు సార్లకే ఆగింది. తుడిచి, మూటతో తట్టి, మళ్ళీ కొడితే మూడు దాటింది. పిల్లలు నన్ను చూసిన చూపు చూడాలి!

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జంతికలు తింటూ, పునుగులు తింటూ, మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుంటూ ఆడడం మన పిల్లలకు అలవాటు. చేతి నూనె బోర్డుకు అంటితే, దాని మీద ఏ పౌడరూ జారదు, ముద్ద కడుతుంది. ఇది బోర్డుకు జరిగే నష్టం. బోర్డు మీది పౌడరు జంతికతోపాటు నోట్లోకి పోవడం రెండో నష్టం. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు చట్టం ఏమిటంటే, పళ్ళెం బోర్డు ఉన్న గదిలోకి రాదు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా వంటింటి గుమ్మం దాటడానికి లేదు.

మన ప్రాంతానికి ఉన్న ఇంకో చిక్కు చెమ్మ. అటు కొల్లేరు, ఇటు కాలవలు, చుట్టూ వరిచేలు. వానాకాలంలో మన ఇళ్ళల్లో ఉప్పు నీరుకారుతుంది, అగ్గిపెట్టె వెలగదు, బీరువాలో పట్టుచీరలకు బూజు వాసన. ఇక ప్లైవుడ్డు బోర్డు ఊరుకుంటుందా? చెమ్మ పీల్చుకుని ఉబ్బుతుంది. ఒకవైపు పీల్చుకుని ఒకవైపు పీల్చుకోకపోతే వంగుతుంది. బోర్డును గోడకు ఏటవాలుగా ఆనించి నెలల తరబడి వదిలేస్తే నడుము వంగిపోతుంది. పడుకోబెట్టండి, లేదా పూర్తిగా నిటారుగా నిలబెట్టండి. ఆట ముఖానికి పాత దుప్పటి కప్పండి. గచ్చునేల మీద నేరుగా పెట్టకుండా కింద రెండు చెక్కలు వెయ్యండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, పగులుతుంది.

పోటీల్లో బోర్డు మీద దీపం వేలాడదీస్తారు. వెలుతురు కోసమే అనుకునేదాన్ని. ఆ పాతరకం బల్బుల వేడికి బోర్డు పొడిగా ఉండేది కూడా. ఇప్పుడు మనందరి ఇళ్ళల్లో ఎల్.ఇ.డి. దీపాలు. కరెంటు ఆదా మంచిదే గాని, వాటి వేడి బోర్డు దాకా రాదు. వానాకాలంలో మా అబ్బాయి అటక మీద వెతికి పాత అరవై వాట్ల బల్బు ఒకటి తెచ్చి బోర్డు మీద వేలాడదీశాడు. అరగంటకు స్ట్రైకరు పరుగు మారింది. బిల్లు సంగతి మావారు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగినది చెబుతాను.

పదేళ్ళ కిందటి మాట. మా ఆడపడుచు నాలుగో నెల పాపను తీసుకుని పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. మే నెల. ఎండకు పాపకు తొడల సందుల్లో ఒరుసుకుపోయి ఎర్రబడింది. రోజూ స్నానం చేయించి మా అత్తగారు పౌడరు అద్దేవారు. మూడో రోజుకు ఎరుపు తగ్గకపోగా పొట్ట మీదికి, వీపు మీదికి పాకింది. పాప పాలు కక్కేసింది. విరేచనాలు మొదలయ్యాయి. రాత్రంతా ఏడుపు. దిష్టి తీశాం. వాము నీళ్ళు పడదామా అనుకున్నాం. తెల్లారి పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఆయన ఒళ్ళంతా చూసి, మొదట అడిగిన ప్రశ్న, "ఏం పౌడరు వాడుతున్నారమ్మా?" అని.

"పిల్లల పౌడరేనండీ" అంది మా ఆడపడుచు.

మా అత్తగారు మాత్రం పక్కనుంచి, "ఏం పౌడరో ఏమిటో బాబూ, వాసనే లేదు. ఈమధ్య అన్నీ కల్తీ" అన్నారు.

ఆ మాట వినగానే నాకు గుండె జారిపోయింది. మావారిని ఇంటికి పంపి ఆ డబ్బా తెప్పించాం. అది పిల్లల పౌడరు డబ్బాయే. లోపల ఉన్నది క్యారమ్ పౌడరు. పొట్లం చిరిగిపోతే మా అబ్బాయి, అప్పటికి వాడికి పదకొండేళ్ళు, ఖాళీ డబ్బా ఒకటి వెతుక్కుని అందులో పోసుకున్నాడు. మూతకు చిల్లులున్నాయి కదా, చల్లడానికి వీలని. "అమ్మా, ఈ డబ్బా తీసుకోనా?" అని నన్ను అడిగే తీసుకున్నాడు. నేను కూర తరుగుతూ "తీసుకో" అన్నాను. ఆట అయ్యాక బుద్ధిగా అలమరలో పెట్టాడు. పెట్టమని చెప్పింది కూడా నేనే.

పాపను రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి సెలైను ఎక్కించారు. దేవుడి దయవల్ల, డాక్టరుగారి తెలివివల్ల కోలుకుంది. ఇప్పుడు ఐదో క్లాసు. మా అబ్బాయి ఆ రెండు రోజులూ అన్నం తినలేదు. మా ఆడపడుచు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండింది.

డాక్టరుగారు తర్వాత నిదానంగా చెప్పారు. బోరిక్ యాసిడ్ బాగున్న చర్మం గుండా లోపలికి పెద్దగా పోదు. ఒరుసుకుపోయిన చర్మం, కాలిన చర్మం, పుండు గుండా పోతుంది. పసివాళ్ళ మూత్రపిండాలు దాన్ని త్వరగా బయటికి పంపలేవు. రోజూ కొంచెం కొంచెం అద్దితే లోపల కూడుకుంటుంది. ఒకప్పుడు ప్రపంచమంతటా పిల్లల ఒరుపుకు ఈ పొడే అద్దేవారట. కెనడాలో తండ్రీకొడుకులైన ఇద్దరు పిల్లల డాక్టర్లు 1953లో తాము చూసిన నలుగురు రోగుల సంగతి రాస్తూ, అంతకుముందు వేరే వేరే దేశాల్లో రికార్డయిన 109 కేసులు కూడా ఏరి పరిశీలించారు. అందులో పసిపిల్లలు కూడా చాలామంది ఉన్నారు, చాలామంది దక్కలేదు. ఆ తర్వాతనే పసిపిల్లలకు అది వాడడం తగ్గుతూ వచ్చింది. మన ఇళ్ళల్లో ఇంకా "బోరిక్ పౌడరు చల్లవే, తగ్గిపోతుంది" అనే పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కాలంలో డాక్టర్లే చెప్పారు, వాళ్ళ తప్పు లేదు. కాని ఇప్పుడు చల్లకూడదు.

మింగితే ఎంత ప్రమాదం అని మీరు అడగవచ్చు. పాత వైద్యగ్రంథాల్లో ప్రాణం మీదికి తెచ్చే మోతాదు పసివాళ్ళకు 2, 3 గ్రాములని, కొంచెం ఎదిగిన పిల్లలకు 5, 6 గ్రాములని, పెద్దవాళ్ళకు 15, 20 గ్రాములని ఉంది. ఒక టీచెంచాలో సుమారు 4 గ్రాములు పడుతుంది, మీరే లెక్క వేసుకోండి. తర్వాతి కాలంలో పరిశీలిస్తే, ఒక్కసారి పొరపాటున మింగినవాళ్ళు ఎక్కువమంది గండం లేకుండా బయటపడ్డారని కూడా తేలింది. 1988లో అమెరికాలో దాదాపు 800 మంది సంగతి చూస్తే ఎవరూ చనిపోలేదు. కాబట్టి పిల్లవాడు బోర్డు మీది పౌడరు వేలితో నాకాడని గుండెలు బాదుకోనక్కరలేదు. నోరు కడిగి, నీళ్ళు తాగించి, కనిపెట్టి ఉండండి. చెంచాడు నోట్లో పోసుకున్నా, ఎంత పోయిందో తెలియకపోయినా, నెలల పాప అయినా మాత్రం ఆలోచించవద్దు. ఆస్పత్రికి వెళ్ళాలి, బండి లేకపోతే 108కి ఫోను చెయ్యాలి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. గొంతులో వేలు పెట్టకండి. పొట్లమో డబ్బానో వెంట తీసుకువెళ్ళండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. 2020 డిసెంబరులో మన ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, ఒంట్లోకి ఏం పోయిందో తెలియకపోతే డాక్టర్లకైనా ఎంత కష్టమో మన కళ్ళతో చూశాం కదా.

గర్భిణీ స్త్రీలు ఈ పౌడరు దులిపే పని పెట్టుకోకపోతే మంచిది. యూరప్ దేశాల్లో దీన్ని సంతానానికి హాని చెయ్యగల పదార్థాల జాబితాలో చేర్చారు. పిల్లలు ఆడుకున్నంత మాత్రాన ఏదో అయిపోతుందని కాదు, తెలిసి తెలిసి పీల్చడం దేనికి?

బొద్దింకల మాట చెబుతానన్నాను. బోరిక్ పొడి, గోధుమపిండి, పంచదార, కాసిని పాలు కలిపి ఉండలు చేసి మూలమూలలా పెడతాం. పనిచేస్తుంది, కాదనను. కాని ఒకసారి వాటిని పాకే పిల్లవాడి కళ్ళతో చూడండి. చలిమిడి ఉండలే! తియ్యగా కూడా ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఉండలు చేయకండి. తప్పనిసరైతే ఫ్రిజ్ వెనక, గ్యాసు బండ వెనక, పాకే పిల్ల చెయ్యి పోని సందుల్లో పెట్టి, ఎన్ని పెట్టారో లెక్క రాసుకోండి. తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. అలాగే క్యారమ్ పౌడరు మిగిలింది కదా అని కళ్ళు కడుక్కోవడానికి వాడకండి. ఆట పొడి మందు పొడి కాదు, ఆ శుభ్రత దానికి ఉండదు.

ఇక మిగిలిన పౌడరు దాచే చోటు. కొన్న పొట్లంలోనే ఉంచి, పొట్లంతో సహా డబ్బాలో పెట్టండి. పౌడరు డబ్బా వద్దు, హార్లిక్స్ సీసా వద్దు, ఉప్పు, మైదా, వంటసోడా, పంచదార పోసే డబ్బాల్లాంటిది ఏదీ వద్దు. వంటింట్లో అసలే వద్దు. తెల్లటి పొడులన్నీ తెల్లగానే ఉంటాయి, కరెంటు పోయిన రాత్రి చేతికి ఏది అందితే అదే పంచదార. బోర్డు మీద వాడినదాన్ని ఊడ్చి మళ్ళీ డబ్బాలో పోసుకునే పొదుపు కూడా మానండి. అందులో చెమట, దుమ్ము, జంతికల నూనె అన్నీ ఉంటాయి. తడిగుడ్డతో నేల తుడిచి, ఆ నీళ్ళు పారబోయండి. మొక్కలకు పొయ్యకండి, బోరాన్ ఎక్కువైతే ఆకుల అంచులు మాడిపోతాయి. నా కరివేపాకు చెట్టు నేర్పిన పాఠం అది.

మా ఇంట్లో ఇప్పుడు పౌడరు ఒక పాత రేకు డబ్బాలో ఉంది. దాని మీద మా అబ్బాయి ఎర్ర స్కెచ్చి పెన్నుతో 'క్యారమ్స్‌ది – ఒంటికి కాదు, నోటికి కాదు' అని రాశాడు. అక్షరాలు చదవలేని వాళ్ళ కోసం కింద ఒక పుర్రె బొమ్మ కూడా వేశాడు. ఆ డబ్బా మావారి సుత్తి, స్క్రూడ్రైవర్ల పెట్టెలో తాళం కింద ఉంటుంది. ఈ మే నెలలో మా ఆడపడుచు మళ్ళీ వచ్చింది. పాప, వాళ్ళ బావ కలిసి తాళం అడిగి తీసుకుని, ఆడాక మళ్ళీ నా చేతికి ఇచ్చారు. నాలుగు ఆటల్లో మూడు పాపే గెలిచింది.